టవరూ ట్యాంకూ ఒక వరుసకొచ్చే చోటు

మంగళవారం ఉదయం పదిన్నరకు ఎల్లారావు ఆసుపత్రి గేటు ముందే బస్సు దిగి, ఆసుపత్రిని వెతుక్కుంటూ వెనక్కి నడిచాడు.

భీమిలి పక్క పల్లె ఆయనది. వయసు డెబ్బై నాలుగు. వేట మానేశాక మోకాలికి కరెంటు పెట్టించుకోవడానికి వారం వారం విశాఖ వస్తున్నాడు, ఒక్కడే. కిందటి నెల ఎక్కడో దిగిపోయాడు. ఆ రాత్రే కూతురు అనూరాధ తేల్చి చెప్పింది. "ఇంకోపాలి తప్పిపోయావంటే ఒక్కడివీ ఎల్లేది లేదు నాన్నా. మీ అల్లుణ్ణి తోడు పంపుతాను."

అల్లుడి వెనక నడవడం కంటే మోకాలి నొప్పే నయమనుకున్నాడు ఎల్లారావు.

ఆయనకు చదువు రాదు. సముద్రంలో వల వేసే చోటును ఒడ్డునున్న కొండనూ తాడిచెట్టునూ ఒక వరుసకు తెచ్చి గుర్తుపట్టేవాడు. పట్నంలోనూ అంతే. కొండ మీది టవరు నీళ్ల ట్యాంకు వెనక్కి చేరితే స్టాపు వచ్చినట్టు. దిగి సందులో నడిస్తే ఆసుపత్రి వెనక గుమ్మం.

ఈ రోజు బస్సు ఆగేసరికి టవరు ట్యాంకుకు పక్కన ఉంది. ఎదుట ఎన్నడూ చూడని గేటు, ఒక షెడ్డు. కండక్టరు పొరపాటున దింపేశాడనుకుని, టవరు ట్యాంకు వెనక్కి వెళ్లేదాకా నడిచాడు. వరుస కుదిరింది. స్టాపు లేదు. సందుకు గోడ కట్టేశారు. మళ్లీ కొండ వైపు చూశాడు. వరుస సరిగానే ఉంది.

షెడ్డు దగ్గర నుంచి ఒకమ్మాయి వచ్చింది. స్టాపులు మార్చే పని చూస్తున్న ఇంజనీరు, పేరు ధనశ్రీ.

"తాతగారూ, స్టాప్ గేటు ముందుకి మార్చామండీ. పెద్దవాళ్లకి నడక తగ్గుతుందని."

"ఏ పెద్దోల్లకి?"

"మీకే."

"నన్నెవులడిగినారు? ఇయ్యాల రెండింతలు నడిసినాను గదమ్మా."

"ఈసారి నుంచి నీలం బోర్డు గుర్తుపెట్టుకోండి."

"బోర్డుదేటుంది, రేపు ఇంకోకాడ పాతుతారు. కొండని పాతగల్రేటి?"

ధనశ్రీ కొండ వైపు చూసింది. ఆయన దేన్ని చూస్తున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

ఫోను మోగింది. అనూరాధ. "ఎక్కడున్నావ్ నాన్నా?"

"స్టాప్ కాడ."

"ఏ స్టాప్?"

ఏది చెప్పాలో తెలియక ఎల్లారావు ఫోను ధనశ్రీ చేతికిచ్చాడు.

"తాతగారు కొంచెం దారి తప్పారండీ. నేను లోపలికి తీసుకెళ్తాను," అంది ధనశ్రీ.

"నాను తప్పలేదు, స్టాపే తప్పింది!" అని ఎల్లారావు అరిచాడు. అప్పటికే అనూరాధ ఫోను పెట్టేసింది.

తరువాతి మంగళవారం ఎల్లారావు గేటు ముందు దిగాడు. ముందుగా దిగిన అల్లుడు నాగబాబు చెయ్యి అందించాడు.