చెయ్యి చాపే ముందు

రావులపాలెంలో అరటి మార్కెట్ దాటాక ఒక చిన్న నర్సింగ్ హోం ఉంది. పొద్దున్నే అక్కడ మందుల ట్రే ఒక మంచం నుంచి ఇంకో మంచానికి కదిలేది. ట్రే దగ్గరికి రాగానే ఆ మంచం మీది మనిషి చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకునేవాడు. సూది పడేది. దూది అద్దేవారు. ట్రే ముందుకు పోయేది. ఆ సూదిలో ఉన్న మందేమిటని ఎవరూ అడిగేవారు కాదు. చెప్పాలని ఎవరికీ తోచేదీ కాదు. మనలో చాలామందిమి ఆసుపత్రుల్లో అలాగే చెయ్యి చాపి ఉంటాం. అందులో తప్పేదో ఉందని మనకి అనిపించి కూడా ఉండదు.

ఆ ట్రే పట్టుకునే మనిషి ఆశాజ్యోతి. ఏఎన్ఎం అనే చిన్న నర్సింగ్ కోర్సు చదివి, పెళ్ళైన నాటి నుంచీ అక్కడే పనిచేసింది. ఆమె హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. "ఆశమ్మ వేస్తే చీమ కుట్టినట్టయినా ఉండదండి" అంటూ పసిపిల్లల తల్లులు ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వచ్చేవారు. ఎంత పేరున్నా ఆమె ఏఎన్ఎమ్మే. పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు కావాలంటే జీఎన్ఎం అనే పెద్ద కోర్సు చదవాలి, పరీక్షలు గట్టెక్కాలి, నర్సుగా రిజిస్టరు కావాలి. కూతురు హైస్కూలుకి వచ్చాక ఆమె ధైర్యం చేసింది. అరటి గెలలు తోలే ఆటో నడిపే భర్త ప్రభుదాసు, "నువ్వు చదువుకో, వంట సంగతి నేను చూస్తాను. మాడినా తినాలి మరి" అన్నాడు. అలా ముప్పై దాటాక రాజమండ్రిలో ఒక ఆసుపత్రివాళ్ళ నర్సింగ్ స్కూల్లో చేరి, వాళ్ళ హాస్టల్లోనే ఉంది.

మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. ఇంటర్ నుంచి నేరుగా వచ్చిన ఆడపిల్లలు పాసయ్యారు. సూది పట్టుకుంటే చెయ్యి వణికే వినీల కూడా పాసయింది. ఆశాజ్యోతి ఒక్క పేపరు తప్పింది. రోగిని పడుకోబెట్టడం, మందివ్వడం, కట్టు కట్టడం గురించిన పేపరు అది. ఇన్నేళ్ళూ ఆమె చేసిన పనే.

ఫోనులో ప్రభుదాసు ముందు నవ్వేశాడు. "ఇన్నేళ్ళు సూదులేసినదానివి, సూదుల పేపరే పోయిందా!" వెంటనే గొంతు తగ్గించాడు. "పోన్లే ఆశా. సప్లిమెంటరీ ఉందిగా. అదీ పోతే వచ్చేద్దువుగాని. డాక్టరు గారు నీ చోటు అలాగే ఉంచుతానన్నారు."

ప్రేమగా అన్న ఆ మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఒకసారి ఆ చోటికి తిరిగి వెళితే, మళ్ళీ బయల్దేరే ధైర్యం తనకు రాదని ఆమెకు తెలుసు.

మర్నాడు ట్యూటర్ మెర్సీ గారు ఆమెను పిలిచారు. తల నెరిసిన మనిషి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

"ఆయాసంతో ఉన్న రోగికి ముందుగా ఏం చేస్తావమ్మా?"

"తలవైపు ఎత్తు పెట్టి ఆనించి కూర్చోబెడతానండి."

"ఎందుకు?"

"మేం అలాగే పెడతామండి."

"అదే, ఎందుకు పెడతారు?"

ఆశాజ్యోతి ఎంతమందికి ఎత్తు పెట్టిందో లెక్కలేదు. ఎందుకో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు.

"అలా కూర్చుంటే పొట్ట బరువు ఊపిరితిత్తుల మీద పడదమ్మా. గాలి తీసుకోవడానికి చోటు దొరుకుతుంది. నువ్వు క్లాసు పరీక్షల్లో రాసిందీ ఇలాగే. ఏం చేయాలో అంతా ఉంది, ఎందుకు చేయాలో ఒక్క ముక్క లేదు. ఏఎన్ఎం చేసి వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే జారతారు. చేతులకి అన్నీ వచ్చు కదా, పుస్తకంతో పనేంటి అనిపిస్తుంది."

"అయితే బట్టీ పట్టమంటారా అండి?"

"బట్టీ పట్టింది పరీక్ష హాలు గుమ్మం దాకా వస్తుంది. లోపలికి రాదు." మెర్సీ గారు నవ్వారు. "నేను చెప్పింది చెయ్యి. రేపటి నుంచి వార్డులో ఏ రోగిని ముట్టుకున్నా, ఎందుకు ముట్టుకుంటున్నావో ముందు వాళ్ళకి తెలుగులో చెప్పు. చెప్పలేకపోయావనుకో, ఆ సాయంత్రం నువ్వు చదవాల్సిన పాఠం అదే."

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం రత్నమాణిక్యం గారిది. గోదావరి లంకలో అరటి తోట చేసే ఇంటి పెద్దావిడ. షుగరు వల్ల కాలి పుండు మానక ఆసుపత్రిలో చేరింది. ఆశాజ్యోతి ఇన్సులిన్ తెచ్చి, "మామ్మగారూ, ఈ మందు ఎందుకంటేనండి" అని మొదలుపెట్టగానే ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఇదేం చోద్యమే! సూదికి ముందు ఉపన్యాసం కూడానా? వేసి పోవే తల్లీ."

పక్క మంచాలవాళ్ళు ఫక్కున నవ్వారు. అయినా ఆశాజ్యోతి తడబడుతూనే చెప్పింది. "మనం తిన్నదాంట్లోని చక్కెర రక్తంలోనే ఉండిపోతోందండి. ఒంటికి పట్టడం లేదు. ఈ మందు దాన్ని లోపలికి పంపుతుందండి."

రత్నమాణిక్యం దాన్ని తోట సంగతితో పోల్చుకుంది. "అంటే, కాలవ నిండుగా పారుతున్నా తూము తలుపు ఎత్తేవాడు లేకపోతే చేను ఎండిపోయినట్టా?"

"అచ్చం అంతేనండి మామ్మగారూ!"

ఆ పూట పాఠం ఎవరికి ఎక్కువ అర్థమైందో చెప్పడం కష్టం.

అది మొదలు పెద్దావిడే పరీక్షాధికారి అయిపోయింది. "నిన్న కుడిచేతికి వేశావు, ఇవాళ ఎడమచేతికి ఎందుకంట?" అనేది. రోజూ ఒకేచోట వేస్తే అక్కడ గడ్డ కట్టి మందు సరిగా పట్టదని ఆశాజ్యోతి చెప్పేది. "మా ఆయన రోజూ కాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టేవాడు. ఇక్కడ వద్దంటారేంటి?" అంటే మాత్రం ఆశాజ్యోతి దొరికిపోయింది.

"రేపు చెబుతానండి."

"చెప్పకపోయావో, సూది వెయ్యనివ్వను."

ఆ సాయంత్రం హాస్టల్లో వినీలను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తీసింది. షుగరు ముదిరిన కాలికి స్పర్శ తగ్గుతుంది, వేడి తెలియక చర్మం కాలిపోతుంది. విషయం తెలుగులో మనసుకెక్కాక, దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో వినీల చూపించింది. బదులుగా ఆశాజ్యోతి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, వణుకు లేకుండా సూది పట్టడం నేర్పింది. ఇద్దరికీ ఇదే అలవాటైంది. వార్డులో మిగతావాళ్ళు కూడా నవ్వడం మానేసి, "మా మాత్ర సంగతేంటమ్మా?" అని పిలిచి అడగసాగారు. ఎవరు ఏది అడిగితే ఆ సాయంత్రానికి అదే పాఠం.

సప్లిమెంటరీకి ముందురోజు ఆశాజ్యోతి మనసు మనసులో లేదు. తప్పితే ఏమవుతుందన్న ఆలోచనే తిరుగుతోంది. స్టాఫ్ నర్సు చూసి ఇచ్చిన ఇన్సులిన్ పట్టుకుని కిటికీ పక్క మంచం దగ్గరికి వచ్చింది. ఎందుకని చెప్పలేదు, ఏమీ అడగలేదు. రావులపాలెం నాటి అలవాటు ఎప్పుడు తిరిగొచ్చిందో ఆమెకే తెలియదు.

"చెయ్యి ఇవ్వండి మామ్మగారూ."

పెద్దావిడ చెయ్యి దుప్పటి కిందే ఉంది.

"మా ఆయన ఇంకా రాలేదే. బ్రిడ్జి మీద లారీ అడ్డం పడి బస్సులన్నీ ఆగిపోయాయట, ఫోను చేశాడు. టిఫిన్ లేదు నాకు. కాలవలో చుక్క నీరు లేకుండా తూములన్నీ ఎత్తేస్తావా ఏంటి? కాలవ ఎండిపోదూ?"

ఆశాజ్యోతి సూది వెనక్కి తీసుకుంది. తిండి లేకుండా ఆ మందు పడితే చెమటలు పడతాయి, కళ్ళు తిరుగుతాయి, ఆపైన స్పృహే తప్పొచ్చు. ఈ సంగతులన్నీ పెద్దావిడకు చెప్పింది తనే. వెంటనే వెళ్ళి స్టాఫ్ నర్సుకి దాచకుండా చెప్పేసింది. ఆవిడ, "టిఫిన్ కంటికి కనబడ్డాకే వేద్దాం" అన్నారు.

కాసేపటికి పెద్దావిడ భర్త గంగరాజు గారు క్యారేజీతో రొప్పుకుంటూ వచ్చారు. "నీ ఇడ్లీల కోసం సూది కూడా కాచుకు కూచుంది" అని భార్య దెప్పింది.

ఇడ్లీలు పళ్ళెంలోకి వచ్చాక ఆశాజ్యోతి మందు వేసి, ఆ ముడతలుపడిన చెయ్యి వదల్లేదు. "మీరు అడక్కపోయి ఉంటే..." అంది.

"నువ్వు చెప్పకపోతే నేనేం అడుగుదునే? నా జన్మలో ఆసుపత్రిలో ఎవర్నీ ఏమీ అడిగి ఎరగను. అడగొచ్చని నేర్పింది నువ్వే. పో, పోయి పరీక్ష రాసుకో. కాలవ మర్చిపోకు."

మర్నాడు ప్రశ్నపత్రంలో ఇన్సులిన్ లేదు. ఆక్సిజన్ గురించి, మంచాన పడి ఉంటే వచ్చే పడకపుండ్ల గురించి, మందులిచ్చే పద్ధతి గురించి అడిగారు. ప్రతి ప్రశ్న చివరా 'కారణాలతో రాయండి' అని ఉంది. ఆశాజ్యోతికి ఒక్కో జవాబులో ఒక్కో మంచం కనబడింది. అక్కడి మనిషి "ఎందుకంట?" అని అడిగిన గొంతు వినబడింది. ఆ గొంతులకే జవాబు చెబుతున్నట్టు రాసుకుంటూ పోయింది.

ఫలితం వచ్చిన వారంలో, మానిన కాలు చూపించుకోవడానికి రత్నమాణిక్యం వచ్చింది. ఆశాజ్యోతి పరుగున వెళ్ళి ఆవిడ చేతిలో రెండు దోరజామకాయలు పెట్టింది. "పాసయ్యానండి మామ్మగారూ. స్వీటు తేవాలి గానీ, మీకు..."

"ఎందుకు తేకూడదో నాకు తెలుసులే" అని పెద్దావిడ నవ్వి, ఆమె తల నిమిరింది. ప్రభుదాసు వంట కబుర్లు ఆవిడకీ తెలుసు. "మీ ఆయనకి చెప్పు, ఇంకొన్నాళ్ళు మాడ్చుకు తినమని."

అప్పుడే కొత్త బ్యాచ్ పిల్లలను వార్డు చూపించడానికి తీసుకొచ్చిన మెర్సీ గారు వాళ్ళిద్దరి దగ్గరా ఆగారు. ఆశాజ్యోతి ఆమెకు రెండు చేతులూ జోడించింది. "నేను చెప్పింది ఒక్క మాటేనమ్మా. దండం పెడితే ఈ మంచాలకి పెట్టు, చదివించింది ఇవి" అన్నారు మెర్సీ గారు. తరువాత పిల్లల వైపు తిరిగి, రత్నమాణిక్యం భుజం మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే నెమ్మదిగా చెప్పారు.

"ఈవిడ మీకు మొదటి పుస్తకం. మందు ఇచ్చేవాళ్ళు ఎందుకో చెప్పాలి, పుచ్చుకునేవాళ్ళు ఎందుకని అడగాలి. ఆ ఒక్క మాట రోగినీ కాపాడుతుంది, నర్సునీ కాపాడుతుంది."