బోరింగు చెడిపోలేదు

...ఇది ఏడో శాలువా, ఎండాకాలం శాలువాలు కప్పాలని ఎవరు కనిపెట్టారో వాళ్ళను ఈ స్టేజీ మీదే గంటసేపు కూర్చోబెట్టాలి, మెడంతా చెమట, నవ్వాలి, ఫోటో తీస్తున్నారు, సిస్టర్ లూర్దుమేరి మాటపట్టుకు యాభై ఏళ్ళు అని బ్యానరు మీద రాశారు, సన్యాసినిగా దేవుడికి మాటిచ్చి అన్నేళ్ళు, కింద నా మొహం, గుంటూరులో రైలెక్కి నల్గొండ వచ్చిన ఆ పిల్ల మొహం ఎటుపోయిందో, రేపు పొద్దున కారొస్తుంది, ముసలి సిస్టర్లుండే హైదరాబాదు ఇంటికి తీసుకుపోతుంది, ఇక ఈ ఊరికి రాను, చెప్పేదేదైనా ఉంటే ఇవాళే చెప్పాలి, మూడో వరుసలో ఈదమ్మ కూర్చుంది, నేను అటు తప్ప అన్ని వైపులా చూస్తున్నాను.

ఎవరో గ్లాసుతో నీళ్ళిచ్చారు, నల్లా నీళ్ళే సిస్టర్, కృష్ణ నీళ్ళు అన్నారు, తెలంగాణ వచ్చాక ఇంటింటికీ వచ్చిన నీళ్ళు, అప్పుడేముంది, ఊరబావి దగ్గర పెద్దులు బిడ్డ ఈదమ్మ, ఏడేళ్ళది, దోసిలి పట్టి నిలబడితే ఎవరికో దయ కలిగినప్పుడు పైనుంచి పోసేవాళ్ళు, దళితవాడ పిల్లలు బొక్కెన ముట్టకూడదు, నాకు ఒళ్ళు మండింది, కలెక్టరాఫీసు మెట్ల మీద మూడు రోజులు కూర్చున్నాను, బడి ఆవరణలో బోరింగు వేయించాను, మొదట కొట్టింది పెద్దులే, నీళ్ళు భళ్ళున పడ్డాయి, వాడంతా చప్పట్లు, ప్రార్థనకు ముందు ప్రతి పిల్లా రెండు గ్లాసులు తాగాలని నియమం పెట్టాను, ఎంత గర్వం నాకు.

బోరింగు పడిన రెండేళ్ళకు ఒక సోమవారం, పళ్ళ తనిఖీ, స్కేలు పట్టుకుని వరుస వెంట నడిచేదాన్ని, ఈదమ్మ పళ్ళ మీద గోధుమరంగు గార, తోముకోవా అని చేతి మీద ఒక్కటి వేశాను, తోమిన సిస్టరమ్మా, బొగ్గుతోని తోమిన, ఉప్పుతోని తోమిన, అబద్ధాలు కూడానా, పో, బోరింగు దగ్గర పుక్కిలించి కడుపునిండా తాగి రా, పోయింది, తాగింది, నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను, తాగుతుందా లేదా అని, దేవుడా.

మరో రెండేళ్ళకు సగం తరగతికి అవే పళ్ళు, అనుమానమొచ్చి బోరింగు నీళ్ళు ఒక సీసాలో, ఊరబావి నీళ్ళు ఒక సీసాలో పరీక్షకు పంపాను, కాగితం వచ్చింది, ఫ్లోరైడు, లోతు నీళ్ళలో మరీ ఎక్కువట, ఊరబావిలో తక్కువట, పిల్లలు తాగకూడదట, మడిచి ప్రార్థన పుస్తకంలో పెట్టుకున్నాను, ఒక్క వారం అనుకున్నాను, బోరింగు మూస్తే పిల్లలు మళ్ళీ దోసిలి పట్టాలి, ఊరి పెద్దలు నవ్వుతారు, నిజం చెప్పు లూర్దూ, దేనికి భయపడ్డావు, దోసిలికా, నవ్వుకా, నవ్వుకే, వారం ఏడాదయింది, ఏడాదంతా రోజూ రెండు గ్లాసులు, నేనూ తాగాను, అది ప్రాయశ్చిత్తమనుకున్నాను, పెరిగిన ఎముకలను ఆ నీళ్ళు అంత తొందరగా వంచలేవని తర్వాత తెలిసింది, చివరికి పక్క ఊరి నుంచి నీళ్ళ డ్రమ్ముల బండి కుదిరాక బోరింగు హ్యాండిల్ ఊడదీసి చెడిపోయిందని చెప్పాను, పెద్దులు పానా పట్టుకొచ్చాడు, జరసేపు పని సిస్టరమ్మా, నేను బాగుచేస్త అన్నాడు, వద్దు పెద్దులూ, ఇక బాగుపడదు అన్నాను, అందులో ఆ చివరి మాటొక్కటే నిజం.

పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను, ఒక ఫాదరుకు కాదు, ముగ్గురికి, జాలీ అవతల నుంచి ముగ్గురూ క్షమించారు, జపమాల చెప్పుకోమన్నారు, చెప్పుకున్నాను, లేచి మోకాళ్ళు దులుపుకున్నాను, నా మోకాళ్ళు బాగానే వంగుతాయి, మైకులో ఈదమ్మను పిలుస్తున్నారు, మన బడి పిల్ల, ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు అంటున్నారు, లేస్తోంది, ముందు కుర్చీ పట్టుకుని, లేచినా నడుము లేవలేదు, కాళ్ళు రెండూ వంకర తిరిగి, నలభై ఏళ్ళకే, స్టేజీకి మూడు మెట్లు, ఆ మెట్లు పెట్టిన వాళ్ళ మీద నాకు కోపం వస్తోంది, మైకు ఆమె కోసం కిందికి దించారు.

నేనేం మాట్లాడ్త, గీ నేలల నీళ్ళే గట్ల ఉండె, మా రాత, గని ఒక్కటి చెప్త, దోసిలి పట్టకుంట గ్లాసుతోని నీళ్ళు తాగింది సిస్టరమ్మ బోరింగు కాడనే, గా దినం నేను గూడ మనిషినే అనిపించింది, అది చెడిపోయిననాడు మా బాపు ఏడ్చిండు.

చప్పట్లు, మళ్ళీ ఫోటో, ఈదమ్మ నావైపు తిరిగి నవ్వుతోంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నలభై ఏళ్ళ మనిషి, నన్ను చూస్తే ఇంకా సోమవారమే గుర్తొస్తుందేమో, పళ్ళు దాచుకుంటోంది, ఆ కొంగు నేనే తీయాలి, ఏమని తీయను, దేవుణ్ణి అడిగాను, ముగ్గురు ఫాదర్లను అడిగాను, వాళ్ళెవరూ ఆ నీళ్ళు తాగలేదు, తాగిన మనిషి నాలుగడుగుల దూరంలో నిలబడి నాకు దండం పెడుతోంది, ముప్పై ఏళ్ళలో ఆమెను ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు.