బొటనవేలే తొండం

గాలి.

కిటికీలోంచి వచ్చి, బల్ల మీది రంగు కాగితాలను ఒక్కొక్కటే లేపి చూసి, మళ్లీ పడుకోబెట్టే గాలి.

ఆ గాలిలో ఏడుపు.

కోర్టు వెనకాల పిల్లల గది అది. విడిపోయిన తల్లిదండ్రుల పిల్లలు, తాము ఎవరి దగ్గర ఉండటం లేదో వాళ్లను కలుసుకునే గది. మోకాలెత్తు బల్ల. పీటలంత కుర్చీలు. చక్రం ఊడిన లారీ బొమ్మ.

అతను ఆ కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

ఎదురుగా కూతురు. మూడేళ్లది. ఆ గదిని చూసుకునే ఆయా కాళ్లను చుట్టేసుకుని ఏడుస్తోంది.

తన ముక్కే. తన చెవులే.

ఆ కళ్లలో మాత్రం తను లేడు.

అతను వెల్డింగు పనివాడు. ఊచలు, గేట్లు, మెట్ల పక్క కమ్మీలు — ఏ ఇనుమునైనా ఏ ఇనుముకైనా అతికించేవాడు. మనుషులే అతకలేదు. పిల్ల ఉయ్యాలలో ఉండగానే మొగుడూ పెళ్లాం చెరో దారి పట్టారు. తప్పెవరిదని అడిగితే ఇద్దరి దగ్గరా రెండు జవాబులున్నాయి. పిల్ల తల్లితో వెళ్లింది. ఇన్నాళ్లకు కోర్టు అతనికి కొంత ఇచ్చింది.

శనివారానికి ఒక గంట.

మొదటి శనివారం పెద్ద బొమ్మ కొనుక్కొచ్చాడు. మీట నొక్కితే పాడే బొమ్మ. అది పాడింది. పిల్ల గుక్కపట్టింది. మీట మళ్లీ నొక్కితే ఆగుతుందనుకున్నాడు. ఆగలేదు. గంటంతా ఆ పాట మీద ఈ ఏడుపు.

ఆయా పెద్దావిడ. మనసులో ఏదీ దాచుకునే రకం కాదు.

"చూడు నాయనా, పిల్ల ఇలాగే ఏడిస్తే నేను పైవాళ్లకి చెప్పక తప్పదు. కొన్నాళ్లు ఆపుదామంటారు వాళ్లు."

ఆపుదామంటారు...

ఆ మాట దారంతా అతని పక్కనే నడిచింది.

ఇంటికి పోలేదు. అక్క ఇంటికి పోయాడు. అక్క బట్టలు మడతపెడుతూ అంతా వింది. చివరి చొక్కా మడిచాక గానీ నోరు విప్పలేదు.

"కొనివ్వడం ఎవడైనా కొనిస్తాడురా. దాని ముందు కూర్చుని ఏదన్నా చెయ్యి. కాగితం, జిగురు, దూది. కుందేలో, గొర్రో. నీకు చేతులున్నాయిగా!"

ఉన్నాయి.

చేతులే ఉన్నాయి.

మధ్యాహ్నాలు, అన్నం తిన్నాక, షెడ్డులో ఒక మూల కూర్చునేవాడు. నిప్పురవ్వలకు బెదరని వేళ్లు కాగితానికి బెదిరాయి. జిగురు ఎక్కువైతే కాగితం నానిపోయింది. తక్కువైతే చెవి ఊడిపోయింది. తలప్రాణం తోకకొచ్చింది — కుందేలుకి తోక మాత్రం రాలేదు.

తోటి పనివాడు వంగి చూశాడు.

"ఏంటి బావా, పందా?"

"కుందేలు."

"వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. నువ్వు కోతిని చెయ్యబోయినా కోతి కాదు బావా."

షెడ్డంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

నవ్వుతూనే ఇంకో కాగితం తీశాడు.

శనివారం.

ఈసారి కుర్చీ జోలికి పోలేదు. నేల మీద చతికిలబడ్డాడు. పిల్లను పిలవలేదు. పిల్ల వైపు చూడలేదు. ఎదురుచూపుకి చప్పుడుంటుందని, పిల్లలకది వినబడుతుందని భయం. తల వంచి పని చేసుకున్నాడు. కాగితం ప్లేటు ముఖం. దూది బుగ్గలు. రెండు పొడుగు చెవులు.

ఏడుపు సన్నబడింది.

ఎక్కిళ్లయింది.

ఆగింది.

గాలికి కుందేలు చెవులు కదిలాయి. వాటి వెంట పిల్ల కళ్లు కదిలాయి — అటూ, ఇటూ.

అంతే. ఆ రోజుకి అంతే.

ఆ పై వారం పిల్ల దగ్గరికొచ్చింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి. నిలబడి చూసింది, చూసింది... చటుక్కున కుందేలు చెవి పట్టుకుని చర్రున చింపేసింది. చింపి, అతని ముఖంలోకి చూసింది.

కోప్పడతాడా?

మూడేళ్ల ముఖంలో అంత పెద్ద ప్రశ్న.

అతను ఇంకో చెవి కత్తిరించాడు. అతికించాడు.

చింపింది.

అతికించాడు.

చింపింది.

అతికించాడు.

ఎవరు ముందు అలసిపోతారో తేల్చుకుందామన్నట్టు ఇద్దరూ పంతం పట్టి కూర్చున్నారు. ఆయా కునుకు తీసింది, లేచింది. గది నిండా చెవులు, గాలికి దొర్లుతూ. గంట అయ్యేసరికి కుందేలుకి చెవులు మిగల్లేదు. అతనికి ఓపిక మిగిలింది.

పిల్ల వెళుతుంటే మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. కోర్టు కాగితాల్లో ఉన్న పేరు. తను పెట్టిన పేరు.

వెనక్కి తిరగలేదు.

మరుసటి శనివారం తలుపు తెరుచుకుంటే, తల్లి. ఒక్కతే.

"జ్వరం. తీసుకురాలేదు."

ఫోనులో చెప్పొచ్చు. వచ్చి చెప్పింది. గుమ్మంలోనే నిలబడి నేలంతా చూసింది — కాగితం ముక్కలు, దూది, మోచేతిదాకా జిగురు పూసుకున్న మనిషి.

"ఎక్కువగా ఉందా?"

"తగ్గుతోందిలే."

ఇద్దరి మధ్యా గాలి వచ్చి పోయింది.

వెళ్లబోతూ ఆగింది. "ఆ పేరుతో పిలిస్తే అది పలకదు. బుడంకాయ్ అనాలి. మా అమ్మ పెట్టింది."

"బుడంకాయ్..." అన్నాడు. కొత్త మాటను నోట్లో కాసేపు ఉంచుకున్నాడు.

"ఏనుగంటే దానికి ప్రాణం."

"ఏనుగు నాకింకా రాదు."

"నేర్చుకో."

ఆ మాటలో కోపం ఉందో లేదో అతనికి అంతు పట్టలేదు. అడుగుల చప్పుడు దూరమైంది. పిల్ల లేదు. లేచి పోవచ్చు.

లేవలేదు. గంట తనది. కూర్చున్నాడు. తొండం చుట్టాడు — విప్పుకుంది. మళ్లీ చుట్టాడు — ఊడింది. గంట చివరిదాకా చుడుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం అక్క పగలబడి నవ్వింది. "తొండం చుట్టడమెందుకురా? నీ చేతికే ఉందిగా!"

శనివారం.

బూడిదరంగు. కుడి అరచేతికి నిండా పూసుకున్నాడు. తెల్ల కాగితం మీద ఒత్తి, తీశాడు. కాగితం తలకిందులు చేశాడు. నాలుగు వేళ్లూ నాలుగు కాళ్లు.

బొటనవేలే తొండం.

"బుడంకాయ్," అన్నాడు మెల్లగా.

పిల్ల చప్పున తలెత్తింది. ఈయనకెలా తెలుసు?

వచ్చింది. వంగింది. ఏనుగు పొట్ట మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు. అరచేతిలో వెల్డింగు రవ్వలకు కాలిన పాత గుంటలున్న చోట రంగు అంటలేదు. పిల్ల ఒక మచ్చ మీద వేలు ఆనించింది.

"దెబ్బ తగిలిందా?"

అతనితో ఆ పిల్ల అన్న మొదటి మాట.

"తగిలింది."

"ఏనుగుకా?"

"ఏనుగుకే... తగ్గిపోయింది."

నమ్మలేదు. బుగ్గలు పొంగించి ఆ మచ్చ మీద ఊదింది. ఫూ... తడి రంగు మీద, ఇంతంటే ఇంత గాలి.

అతను కదల్లేదు. ఊపిరి కూడా జాగ్రత్తగా తీశాడు.

తరవాత పిల్ల తన చెయ్యి తీసుకెళ్లి రంగుపళ్లెంలో ముంచేసింది. మణికట్టుదాకా. పట్టుకుని ఒత్తిద్దామని అతను చెయ్యి చాపాడు.

"నేనే!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పెద్ద ఏనుగు పక్కనే పిడికెడు ఏనుగు పడింది. తొండం కాలికి అంటుకుంది. మూడు కాళ్లే దిగాయి. అయినా ఏనుగే. ఎవరైనా కాదంటే పిల్ల ఊరుకునేలా లేదు.

"ఇక పద బంగారం," అంది ఆయా.

పిల్ల కాగితం తీసుకుంది. రెండు చేతులా పట్టుకుని సరిగ్గా నడిమికి చింపింది — చర్రున.

అతని గుండె ఒక మెట్టు దిగింది.

పెద్ద ఏనుగుని చంకన పెట్టుకుంది. చిన్నదాన్ని అతని మోకాళ్ల మీదికి తోసింది.

"ఇది నీకు."

గుమ్మం దగ్గర తిరిగింది. నాన్నా అనలేదు. "రేపు జిరాఫీ," అంది. ఆ వయసులో రాబోయే రోజులన్నీ రేపే. మునివేళ్ల మీద లేచి, చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తి చూపించింది — "ఇంత మెడది!"

పైవాళ్లకు ఏం చెబుతుందో ఆయా చెప్పలేదు. అతనూ అడగలేదు.

వీధిలో ఎదురుగాలి. ఆరని ఏనుగుని రెండు అరచేతుల మధ్య గొడుగు పట్టినట్టు పట్టుకుని నడిచాడు. మెడ. అంత మెడ నిలబడాలంటే? అట్ట చుడితే వంగుతుంది. లోపల తీగ పెడితే పిల్లకి గుచ్చుకుంటుంది. ఒకదానిలో ఒకటి దూర్చిన కాగితం కప్పులైతే... బరువుకి తల వాలదూ?

వాలితే మళ్లీ నిలబెట్టాలి.

తిరగాల్సిన మలుపు దాటిపోయాడు. చూసుకోలేదు. గాలి వచ్చి అతని వేళ్ల సందులోంచి కాగితం అంచుని మెల్లగా లేపి చూస్తోంది...