ఉత్తుత్తి ఎర్రర్

బావని ఏడిపించకపోతే బావమరిదికి ముద్ద దిగదు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే పని: మెమరీ పాడైనప్పుడు కంప్యూటర్ని లోపల్నుంచి నడిపించే అసలు ప్రోగ్రాం, అంటే కెర్నెల్, తప్పుగా నడిస్తే ఆ బగ్గులు సరిచెయ్యడం. టెస్టింగ్ కోసం పెట్టుకున్న, అచ్చం నిజందానిలాగే ఉండే ఉత్తుత్తి ఎర్రర్ని వీడు రోజూ బావ మిషన్లోకి వదిలేవాడు. "మెమరీ పాడైంది" అని తెర మీద పడగానే బావ కుర్చీలోంచి ఎగిరిపడేవాడు.

చివరికి విసుగెత్తి, ఆ ఎర్రర్ ఎప్పుడొచ్చినా పట్టించుకోవద్దని బావ తన కెర్నెల్లో ఒక లైను రాసుకున్నాడు.

ఇవాళ నిజంగానే మెమరీ పాడైంది. కెర్నెల్ కిక్కురుమనలేదు. బావ మూడు నెలలు కూర్చుని రాసిన కోడంతా, కాపీతో సహా, చెత్తయిపోయింది.

"ఒరేయ్, నీ పనేగా? నవ్వింది చాలు, మళ్ళీ మామూలుగా పెట్టెయ్‌రా."

తన పనే అయితే ఎంత బాగుండు అనిపించింది వీడికి.

"నేను కాదు బావా."

బావ నమ్మలేదు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.