శేషావతారముగారి మూడవ క్లచ్చి ప్లేటు

రోళ్లు పగులు రోహిణీకార్తె యెండలు గుంటూరు నగరమును పెనముమీది యట్టువలె మాడ్చుచుండెను. మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణపరంపరలకు తాళజాలక కుక్కలు మురుగుకాలువల యంచున నాలుకలు వ్రేలవైచి పడియుండెను. తారుబాట కరగి పాదచారుల చెప్పులను విడువనొల్లకుండెను. గిడ్డంగులకు బోవు లారీలమీది మిరపబస్తాల ఘాటు వడగాడ్పులతో గలిసి దారినబోవువారి కన్నులను ముక్కులను ఏకకాలమున పరీక్షించుచుండెను. అట్టి పాడువేళ ఆటోనగరు చివరనున్న మీరావలి మెకానికు షెడ్డునకు ఒక తెల్లని చిన్నకారు తన కాళ్లమీద తాను రాక ఇద్దరు మనుష్యులచే వెనుకనుండి త్రోయబడుచు వచ్చి ఆగెను.

త్రోసినవారిలో ఒకరు ముక్కామల శేషావతారముగారు. పదునెనిమిదేండ్లుగా చతుశ్చక్రవాహనచోదనవిద్యను బోధించుచు ఆ చుట్టుప్రక్కల పేటలన్నిటను మాస్టారుగా ప్రసిద్ధివడసిన యీ మహానుభావునకు విద్యయెంతయో కోపమును అంతయే కలదు. కారు నెత్తిమీది బల్లపై ఆయన పేరే యున్నది. శిష్యుడు తడబడినయెడల తానే ఆపుటకై ఎడమప్రక్క తన కాళ్లయొద్దను ఒక బ్రేకును ఒక క్లచ్చిని ఆయన ప్రత్యేకముగా పెట్టించుకొనెను. రెండవ మనిషి ఆయన శిష్యురాలు దయామణి. బాలికల వసతిగృహములో వంటమనిషి. ఆ గృహపు వ్యానునకు ఆడమనిషినే డ్రైవరుగా వేయుదుమనియు నెలాఖరులోగా లైసెన్సు తెచ్చినచో ఆ పని నీదేయనియు వార్డెనమ్మ ఆమెకు మాట యిచ్చియుండెను. ఇప్పటికి రెండుమారులు పరీక్షకు బోయి రెండుమారులును ఎత్తుదారి మొదట బండి ఆగిపోయి తప్పెను. మూడవ పరీక్ష మరునాడు పదిగంటలకు. అదియును తప్పినయెడల మరల తేదీ దొరకునప్పటికి నెల దాటును, ఉద్యోగము వేరొకరి పాలగును. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు నేడే యీ కారు నడిబజారున కూలబడెను. ఇంజను మాత్రము ఆకాశము బ్రద్దలగునట్లు అరచుచుండెను, చక్రములు బెత్తెడైన కదలకుండెను.

"ఇదుగో మీరావలీ, ఈవిడగారు నా క్లచ్చి నమిలి మింగేసింది! ఏడాదిన్నరలో ఇది మూడో ప్లేటు. సాయంత్రానికి బండి కావాలి, ఏం చేస్తావో నాకు తెలీదు" అని మాస్టారు గర్జించెను.

దయామణి కొంగుతో మొగము తుడుచుకొనెను. రెండుమారులు తప్పినవారికి మారుపలుకు హక్కు ఎక్కడిది!

"ముందు గేర్‌బాక్సు దించనియ్యండి మాస్టారూ, తర్వాత తీరిగ్గా తిట్టుకుందురు" అని మీరావలి పానాలు తీసికొని కారుక్రింద దూరెను.

ఆహా, ఆ మరమ్మతు నేమని వర్ణింతుము! ఒక బోల్టు త్రుప్పుపట్టి కదలనని మొండికెత్తెను. నూనె పోసిరి, సుత్తితో కొట్టిరి, మాస్టారు దానిని వంశనామములతో సహా దూషించెను. అది ముప్పావుగంట గడచినపిదపగాని లొంగలేదు. తుదకు గేర్‌బాక్సు క్రిందికి దిగెను. దాని వెనుకనుండి బయటికి తీయబడిన క్లచ్చి ప్లేటు, ఇంజను బలమును చక్రములకు అందించుచు వలదన్నప్పుడు విడదీయు ఆ గుండ్రని పలక, పైపూత యంతయు హరించి రివెట్లు బయటపడి కమురుకంపు గొట్టుచుండెను.

"చూశావా, చూశావా! నీ కాలికి బుద్ధి లేదని వెయ్యిసార్లు చెప్పానా లేదా?" అని మాస్టారు ఆ పలకను శిష్యురాలి ముక్కు క్రిందికి త్రోసెను. ఆమె కన్నులు చెమర్చెను.

క్రొత్త ప్లేటు తెచ్చిరి. ఇక గేర్‌బాక్సు ఇరుసు ఆ ప్లేటు నడిమిరంధ్రములో సూటిగా దూరవలయును. నూలుపోగంత అటునిటైనను దూరదు. మొదటిమారు దూరలేదు. రెండవమారు దూరినట్లే దూరి చివర తట్టుకొనెను. మాస్టారు ఊరకుండక పైనుండి తొంగిచూచుచు "కొంచెం ఎడమకి! కాదు, కుడికి! అబ్బ, నువ్వు జరుగు!" అని సలహాలు కురిపించుచు తుదకు కారుబానెటునకు తల కొట్టుకొని కుయ్యో మొఱ్ఱో యనెను.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ? పోయి ఆ నీడలో కూర్చోండి" అని క్రిందినుండి మీరావలి విసుగుకొనెను. ఆయన కూర్చుండలేదు. నాలుగవమారు ఇరుసు దానంతట అది దూరెను.

ప్రొద్దు వాలుచుండగా క్లచ్చి తీగను బిగించి సరిచూచుట యొక్కటియే మిగిలెను. "ఎవరన్నా ఎక్కి క్లచ్చి తొక్కండి" అని మీరావలి కేకవేయగా మాస్టారు ఒక్క యుదుటున కారెక్కి అలవాటుచొప్పున ఎడమప్రక్క తన పీఠమునందే కూర్చుండి తొక్కెను.

"ఆ, ఇప్పుడు వదలండి."

"వదిలాను."

"వదలండి మాస్టారూ."

"వదిలానయ్యా బాబూ, నీకు చెవుడా?"

"వదల్లేదండీ. ఇక్కడ తీగ ఇంకా బొటనవేలంత లాక్కునే ఉంది. అమ్మాయ్ దయామణీ, కాస్త లోపలికి చూడమ్మా!"

దయామణి తలుపునొద్ద వంగి చూచెను. శేషావతారముగారి యెడమపాదము ఆ మీటపై పడుకపై పిల్లివలె సుఖాసీనమై యుండెను.

"మాస్టారూ, మీ కాలు దాని మీదే ఉందండి" అని ఆమె మెల్లగా పలికెను. పిదప ఆమె కనుబొమలు ముడివడెను. "మరి ఇన్నాళ్లూ నేను తొక్కిందేంటండీ?"

మాస్టారు క్రిందికి చూచుకొనెను. నిజముగానే కాలు అచ్చటనేయున్నది! ఎప్పుడు పెట్టెనో ఆయన యెరుగడు. పదునెనిమిదేండ్లుగా బండి తడబడునేమోయను భయముచే ప్రతి శిష్యుని పాదమునకు ముందుగా తన పాదమే తొక్కుచుండెను, తన పాదమే మెల్లగా వదలుచుండెను. సగము విడదీసి రాపిడికి గురిచేసి ప్లేటును నమిలినది ఆ కాలే. పరీక్షనాడు ఆ పీఠమున తనిఖీదారు కూర్చుండగా, తోడుకాలు లేక దయామణి బండి ఎత్తుదారిలో చచ్చిపడెను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని ఇతరులను వెక్కిరించిన సామెత ఇప్పుడు తనకే తగిలెను. సిగ్గును కోపమును ఒక్కమారే పొంగెను, అయితే ఆ కోపమును విసరుటకు ఎదుట మనిషి కానరాకుండెను.

"మీరావలీ, ఈ ఎడంపక్క క్లచ్చి పీకెయ్" అని తుదకు అనెను.

"బ్రేకు కూడానా?"

"బ్రేకు ఉండనీ. ప్రాణాలు కావాలిగా."

సంధ్యారుణకాంతులలో రైలువంతెన యెత్తుపై జరిగిన సాధన శత్రువునకైన వలదు. బండి ఆగెను, వెనుకకు జారెను, మరల ఆగెను. వెనుక లారీలు చెవులు చిల్లులుపడ కూయుచుండెను. మాస్టారి యెడమకాలు మీటలేని వట్టినేలను దబదబ తొక్కుచుండెను. "తొక్కు! ఆగు, వదులు! అయ్యో, అట్లా కాదే తల్లీ!" అని ఆయన గొంతు చించుకొనుచుండగా ఏడవమారు ఆగినపిమ్మట దయామణి స్టీరింగుపై రెండు చేతులు ఉంచి ఆయనవంక తిరిగెను.

"కాలు తీశారుగా, కాసేపు నోరు కూడా తీసెయ్యండి మాస్టారూ."

ఆయన జన్మలో శిష్యులెవ్వరును అట్లనలేదు. ఆయన నోరు మూసికొనెను. ఆమె కన్నులు మూసి పాదమును వెండ్రుకవాసిగా పైకెత్తెను. ఎచ్చటనో బండి వణకి పట్టు చిక్కించుకొనెను. "ఇదా!" అని ఆమె నోటనుండి కేక వెలువడెను. కారు వంతెన నెక్కెను.

మరునాడు తనిఖీదారు ప్రక్కన కూర్చుండగా ఎత్తుదారిలో తెల్లగీతయొద్ద ఆమె బండి నాపెను. తిరిగి కదలింపబోవగా జానెడు వెనుకకు జారెను. ఆవల కంచెను పట్టుకొని నిలిచిన శేషావతారముగారి యెడమకాలు తెలియకయే నేలను తొక్కెను. జారినది జారి, నిలిచి, వణకి, పైకి సాగిపోయెను.

"పాసయ్యానండీ!" అని కాగితము చేతబూని పరుగెత్తివచ్చిన దయామణి ఏడ్చుచు నవ్వుచుండెను.

"నువ్వెప్పుడూ తప్పలేదమ్మా" అని ఆయన తల వంచుకొని పలికెను. "ఆ రెండుసార్లూ తప్పింది నేను."

తిరుగుదారిలో ఆమెయే బండి నడిపెను. నేర్పుట సులభము, నేర్చినవారి దారినుండి కాలు తీయుట గురువునకు కడపటి విద్య. ఆ విద్యలో నిన్ననే ఓనమాలు దిద్దిన మాస్టారు ముందుతలుపు తెరువక వెనుక పీఠమున కూర్చుండి, కాళ్లకేదియు తగులకుండుటకై రెంటిని పైకి మడిచి బాసిపట్టు వేసికొనెను.