అప్పాల పళ్లెం

నాందేడ్ స్టేషనులో పాయిఖానాలు కడిగే దమయంతికి ఆ ఆదివారం చర్చి పూజలో, ప్రసాదంగా పంచే అప్పాల పళ్లెం పీఠం వద్దకు తీసుకువెళ్లే సేవ అప్పగించారు. గుడి వాకిట్లోనే సేవకుల పెద్ద బెనడిక్టు ఆమె చేతిలోని పళ్లెం లాక్కున్నాడు.

"అక్కా, నువ్వు గీ కొవ్వొత్తి పట్టుకో. పళ్లెం నా బిడ్డ తెస్తది."

"ఎందుకయ్యా?" అన్నాను.

"అందరు తినేది గద, టీచరమ్మా. మీకు తెల్వదా?"

"తెలుసు. అందుకే ఇవాళ్టి పఠనం నేను చదవను, నువ్వే చదువు." ప్రతి వారం నేను చదివే తెలుగు బైబిలు గ్రంథం అతడి చేతిలో పెట్టాను.

మరాఠీ బడిలో చదివిన బెనడిక్టుకు తెలుగు అక్షరాలు రావు; నేను తప్ప చదివేవాళ్లూ లేరు. పళ్లెం దమయంతికి, గ్రంథం నాకు తిరిగివచ్చాయి.

ఆమె తెచ్చిన అప్పం కోసం అందరికంటే ముందు అతడే నాలుక చాచాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఆమెకు చెప్పేదాకా, వచ్చే ఆదివారం నుంచి నేను గ్రంథం తెరవను.