కర్టెన్ మంచి వైపు

"నీకివన్నీ సరదా కదా" అన్నాడు క్లెమెంట్, వార్నిష్ డబ్బా కాలికి తగలకుండా దాటుకుంటూ. చంకలో నాలుగు తీగల క్వాత్రో వాయిద్యం, ఒంటి మీద పొద్దున ఎర్లిన్ ఇస్త్రీ చేసిపెట్టిన తెల్లచొక్కా. "ఇవాళ రుఫీనో వాళ్ళ వీధిలో పాడాలి. నాకోసం వండకు, వాళ్ళే పెడతారు." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఆ మూల గోడ చూశావా, చెమ్మ దిగింది. కాస్త ఓ చెయ్యి వేసెయ్యి."

ఓ చెయ్యి! ఎర్లిన్‌కి ఉన్నవి రెండే. ఒక దాంట్లో ఉప్పు కాగితం ఉంది, రెండోది కుర్చీని కదలకుండా పట్టుకుని ఉంది. మొగుడు గేటు దాటి వెళ్ళిపోయాక కూడా ఆమె రుద్దిన చోటే రుద్దుతోంది. సరదాట! కుర్చీల పాత వార్నిష్ గీకడం సరదా. గోడ పగుళ్ళలో లప్పం కూరడం సరదా. అడుగున మిగిలిన మూడు డబ్బాల రంగులు కలిపి, ముందుగదికి సరిపోయేలా నీళ్ళుపోసి సాగదీయడం సరదా. కాఫీ డబ్బాలతో పూలకుండీలు చెయ్యడం సరదా, జామకొమ్మకి తెల్లరంగేసి దూది అంటించి క్రిస్మస్ చెట్టు చెయ్యడం మరీ సరదా. ఈ క్లెమెంట్ ఒకసారి గేటుకి రంగేశాడు. ఒకే ఒక్కసారి. ఆ గేటు సంగతి ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు చూపించేది, "మా వాడు స్వయంగా వేశాడు" అని. ఆమె చేస్తే సరదా, అతను చేస్తే పని. ఏ మాటకా మాటే చెప్పాలి, గేటుకి రంగు బాగానే వేశాడు. బ్రష్షు మాత్రం ఎర్లిన్ కడిగింది.

లోపినో లోయలో క్రిస్మస్ అంటే అంతే. నవంబరు చివర్నుంచే ఇళ్ళల్లో సామాను వాకిట్లోకి వస్తుంది. గోడలు కడుగుతారు, రంగులేస్తారు, పండక్కి ముందురోజు కొత్త కర్టెన్లు కడతారు. మగవాళ్ళు జట్లు కట్టి ఇంటింటికీ వెళ్ళి తాతలనాటి స్పానిష్ పాటలు పాడతారు. తలుపు తీసి లోపలికి పిలిచి పందిమాంసం, అరిటాకులో చుట్టి ఉడికించిన పాస్తెల్లు, రమ్ము పెట్టడం ఇంటివాళ్ళ వంతు. ఇంటివాళ్ళంటే ఆడవాళ్ళే. ఏ జట్టు ఎప్పుడొచ్చి తలుపు ముందు పాట ఎత్తుకుంటుందో తెలీదు కాబట్టి పొద్దుగూకితే ఇల్లొదిలి కదలడానికి లేదు. అందుకే లోయలో ప్రతి ఇంటి ముందుగదీ క్లెమెంట్ చూశాడు. ఎర్లిన్ తన ఇల్లు తప్ప ఏదీ చూడలేదు. చూసొచ్చి ఊరుకుంటాడా, అదీ లేదు. "రుఫీనో కోడలు సీసాలకి తాడు చుట్టి దీపాలు చేసిందే, ఎంత బాగున్నాయో! నువ్వూ చెయ్యరాదూ?" అంటాడు. రమ్ము వాసనతోపాటు ఆమెకో కొత్త పని కూడా మోసుకొస్తాడు.

ఇల్లు అత్తగారిది. ఆవిడ పేరు యూసేబియా. పెళ్ళైన మొదటి క్రిస్మస్‌కి ఎర్లిన్ తెలీక ఒక తప్పు చేసింది. కర్టెన్లు కట్టమంటే, పువ్వులున్న మంచి వైపు గదిలోకి వచ్చేలా కట్టింది. ఎవరైనా అలాగే కడతారనుకుంది. పుట్టింట్లో కిటికీలకి చెక్క రెక్కలే తప్ప కర్టెన్లు ఎక్కడివి? అత్తగారు వరండాలోంచి చూసి, చుట్టాలందరి ముందూ స్టూలెక్కి, ఊడదీసి, తిప్పి కట్టింది. "ఊరికి వీపు చూపిస్తావటే? మంచి వైపు రోడ్డుకి! మా అత్త నాకు నేర్పింది, నేను నీకు నేర్పుతున్నా. లోపల చూసేదెవరు?" అంది. అందరూ నవ్వారు. క్లెమెంట్ కూడా నవ్వాడు. అప్పుడు ఎర్లిన్ కూడా నవ్వింది, అదే ఇప్పటికీ ఆమెకి మింగుడుపడదు.

అప్పట్నుంచీ పద్దెనిమిది క్రిస్మస్‌లు, మంచి వైపు రోడ్డుకే. పండగ ముందురోజు మధ్యాహ్నం అత్తగారి కుర్చీని ఎర్లిన్ వరండాలోకి మోసుకెళ్ళి వేస్తుంది. ఆవిడ కొత్త గౌను వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని, దారినపోయేవాళ్ళ మెప్పులన్నీ అందుకుంటుంది. "యూసేబియమ్మా, ఈ ఏడాది కిటికీలంటే మీవే!" అని వాళ్ళు. "ఏదోలే, మాకు చేతనైనంత" అని ఈవిడ. లోపల పొయ్యి దగ్గర ఎర్లిన్ ఆ మాటలు వింటూ ఉంటుంది. ఆమె కళ్ళ ముందు ఉండేది వెలిసిపోయినట్టున్న బట్ట వెనక వైపూ, తను కుట్టిన మడతలూ, దారం ముళ్ళూ. ఏడాది పొడుగునా పొద్దున లేవగానే కనిపించేవి ఆ ముళ్ళే.

అరీమా పట్నంలో, బట్టల కొట్టులో ఎర్లిన్ చేసే ఉద్యోగమూ అలాంటిదే. బట్ట తాను విప్పి, భుజం మీద వేసుకుని, కొనేవాళ్ళకి చూపించాలి. మంచి వైపు వాళ్ళకి, వెనక వైపు ఈమె మెడకి. డిసెంబరులో రోజంతా నిలబడే ఉండాలి. "కాస్త నవ్వాలి ఎర్లిన్, బట్టకన్నా ముందు నీ మొహం చూస్తారు" అంటాడు కొట్టు యజమాని. ఆయన మొహం ఎవరూ చూడరు కాబట్టి ఆయన నవ్వక్కర్లేదు. తానుల చివర మిగిలిన కట్‌పీసులు పనివాళ్ళకి చవగ్గా ఇస్తాడు. ఇంట్లో కర్టెన్లన్నీ అలా వచ్చినవే. అవి కూడా అత్తగారు చెప్పిన రంగుల్లోనే, ఎరుపూ ఆకుపచ్చా. రోడ్డు మీదికి కొట్టొచ్చినట్టు కనబడాలని ఆవిడ పట్టు.

ఈ ఏడాది కొట్టుకి ఒక నీలం తాను వచ్చింది. ముదురు నీలం, దాని మీద పసుపు పూలు, పూల మధ్య వేలెడంత పిట్టలు. ఒక్కో పిట్ట ఒక్కో వైపు మెడ తిప్పి చూస్తోంది. ఎవరో అడిగితే భుజం మీద వేసుకుంది ఎర్లిన్. "అబ్బే, నీలమేంటి పండక్కి" అని వాళ్ళు వెళ్ళిపోయారు. ఎదురుగా అద్దంలో తన భుజం మీద ఆ పిట్టలు కనిపించాయి. ఆ తానుని మళ్ళీ చుట్టబుద్ధి కాలేదు. ఆ రోజునుంచీ ఆమెకి కుదురు లేదు. ఎవరు ఆ తాను మీద చెయ్యి వేసినా గుండె గుభేలుమనేది. చివరికి రెండు కిటికీలకి సరిపడా ముక్క మిగిలితే, సొమ్ము కట్టేసి కూడా, దొంగసొత్తు దాచినట్టు బల్లకింద అన్నం సంచీ వెనక దాచింది.

పొద్దున లేవగానే ఆ పిట్టలు కనబడాలి. ఆమెకి కావలసింది అంతే. ఇంత చిన్నదానికి ఇంత గుబులేమిటని తన మీద తనకే చిరాకు. బస్సులో కూర్చుంటే కాలు ఊరికే ఊగేది. రాత్రి పడుకుంటే ఒళ్ళు నొప్పులే గానీ నిద్ర లేదు. అడగొచ్చు కదా? అడిగితే ఏమంటారో తెలుసు. లోపల చూసేదెవరు అంటారు. ఆ ప్రశ్నకి జవాబు పెళ్ళైన ఏటినుంచీ గొంతులోనే ఉంది, పైకి రాదు, లోపలికి పోదు.

ఇంటికి తెచ్చి కుడుతుంటే క్లెమెంట్ చూశాడు. "భలే ఉందే! రోడ్డు మీదనుంచి అదిరిపోతుంది. పండగ ముందురోజు జట్టుని మొదట మనింటికే తీసుకొస్తా." అత్తగారు మూతి విరిచింది. "నీలమా? సర్లే, మంచి వైపు మెరుస్తోంది, కానియ్యి." ఇద్దరూ ఆమెని ఏమీ అడగలేదు. అడగడానికి ఏముందనుకున్నారు మరి.

పండగ ముందురోజు మధ్యాహ్నానికి గోడలు ఆరాయి. కుర్చీలు నిగనిగలాడుతున్నాయి. చెమ్మ దిగిన మూల లప్పం పెట్టి రంగేసింది ఎర్లిన్, ఓ చెయ్యి కాదు, నాలుగు చేతులు. అత్తగారు పెరట్లో స్నానానికి వెళ్ళింది. ఎర్లిన్ స్టూలెక్కి ఒక కిటికీకి కర్టెన్ కట్టి, దిగి, చూసింది. దారం ముళ్ళు! అలవాటు కొద్దీ చేతులు మంచి వైపుని రోడ్డుకే తిప్పేశాయి. ఒళ్ళు మండింది. ఎవరూ చెప్పకుండానే, ఎవరూ చూడకుండానే! "ఛీ, నీ చేతులు కూడా నీ మాట వినవటే" అని తనని తానే తిట్టుకుంటూ మళ్ళీ స్టూలెక్కి ఊడదీసింది, తిప్పి కట్టింది. రెండో కిటికీకి తప్పు చెయ్యలేదు. గదినిండా పసుపు పూలు. పిట్టల్లో ఒకటి సరిగ్గా ఆమెనే చూస్తోంది. ఎర్లిన్ గబగబా అత్తగారి కుర్చీని వరండాలో వేసేసి వంటింట్లోకి వెళ్ళింది, గిన్నెలు చప్పుడు చేస్తూ.

"ఎర్లిన్!" వరండాలోంచి కేక. "ఇలా రా. ఇదేమిటి, తిరగేసి కట్టావు?"

"తిరగెయ్యలేదు అత్తయ్యా."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? వాడొచ్చేలోగా మార్చు."

"మార్చను అత్తయ్యా."

ఈ ఇంట్లో ఆ మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. యూసేబియా కోడల్ని ఎగాదిగా చూసింది. తిడుతుందనుకుంది ఎర్లిన్. ఆవిడ తిట్టలేదు. మెడ తిప్పి కిటికీ వంక చూసింది. ఇంతలో రోడ్డు మీద ఆలివ్ పోతూ పోతూ ఆగింది. ఆవిడది పక్కిల్లే. "ఏం యూసేబియమ్మా, ఈసారి మీ కిటికీలు ఊరి మీద అలిగాయా, అటు తిరిగి కూర్చున్నాయి?" అని ఎకసెక్కెమాడింది. "మాకు చేతనైనంత" అన్న మాట అత్తగారి నోట రాలేదు.

కాసేపటికి పాట వినిపించింది. క్లెమెంట్ ముందు నడుస్తున్నాడు, వెనక ముసలి రుఫీనో, ఇంకో నలుగురు. గేటు దగ్గరకొచ్చి కిటికీలు చూడగానే క్లెమెంట్ పాట మధ్యలో ఆపేశాడు.

"ఏమే, కళ్ళు మూసుకుని కట్టావా?" అని అరిచాడు. జట్టు వైపు తిరిగి, "వార్నిష్ వాసన మా ఆవిడ తలకెక్కినట్టుందిరోయ్!" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఈసారి ఎర్లిన్ నవ్వలేదు. అతను విసవిసా లోపలికొచ్చి స్టూలు కిటికీ దగ్గరికి లాగాడు. "జరుగు. నిమిషంలో తిప్పేస్తా." ఇన్నేళ్ళలో అతను ఆ స్టూలెక్కడం అదే మొదటిసారి.

"దిగు క్లెమెంట్."

"ఊరంతా చూస్తోంది ఎర్లిన్! రోడ్డు మీదనుంచి మన ఇల్లు ఎలా ఉందో తెలుసా నీకు?"

"తెలీదు" అంది ఎర్లిన్. గొంతు పెద్దది చెయ్యలేదు, కానీ గేటు దాకా వినపడింది. "ఎప్పుడు తీరిగ్గా నిలబడి చూశాను కనక? నేనుండేది లోపల. మొదటి పండక్కి అత్తయ్య అడిగారు కదా, లోపల చూసేదెవరని. నేను. నేను చూస్తాను. చెయ్యి తీసెయ్ దాని మీదనుంచి."

క్లెమెంట్ కిటికీలోంచి తల్లి వంక చూశాడు, ఏదైనా అంటుందేమోనని. ఆవిడ వీపే కనిపించింది. రుఫీనో దగ్గి, "దిగరా అబ్బాయ్, పాట చల్లారిపోతోంది" అన్నాడు. చెప్పులు గుమ్మంలో తుడుచుకుని ఒక్కొక్కరే లోపలికొచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే గోడల వంకా కిటికీల వంకా చూస్తూ నిలబడ్డారు. ఎర్లిన్ వంటింట్లోకి వెళ్ళలేదు. ఈ నెల్లాళ్ళూ తను రుద్దిన కుర్చీలో, చేతులు దాని చేతుల మీద ఆనించి కూర్చుంది. వార్నిష్ నున్నగా తగిలింది. ఇంత బాగా చేశానా అనుకుంది.

"పాస్తెల్లు పొయ్యి మీదున్నాయి. పళ్ళేలు అలమరలో" అంది మొగుడితో. "పెట్టు."

క్లెమెంట్ వంటింటి గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఏ అలమర?"

ఆమె జవాబు చెప్పేలోగా వరండాలోంచి యూసేబియా పిలిచింది.

"ఒరే క్లెమెంట్! ఆ తిళ్ళు తర్వాత. ముందు నా కుర్చీ తెచ్చి లోపల వెయ్యి."

"ఇప్పుడెందుకమ్మా? నువ్వెప్పుడూ వరండాలోనేగా కూర్చుంటావు. సరే, ఎటు వెయ్యమంటావు?"

"కిటికీ వైపుకే వెయ్యరా. ఈ ఇంటికొచ్చి యాభై ఏళ్ళైంది, నేనూ చూడాలిగా."

అలవాటు కొద్దీ ఎర్లిన్ లేవబోయింది. మళ్ళీ కూర్చుండిపోయింది. కుర్చీ క్లెమెంటే మోశాడు.